బహుదా మొగ నుంచి ఋషికుల్య దాకా: రొయ్యల చెరువులోకి వచ్చే నీళ్ళ సంగతి

చెరువులో నాలుగు రొయ్యలు చచ్చి గట్టుకి చేరాయంటే మన నోట మొదట వచ్చే మాట "వైరస్". లేదంటే సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్ల) బాలేదంటాం, విబ్రియో బ్యాక్టీరియా అంటాం. ల్యాబ్‌లో ఆ పేరే తేలొచ్చు కూడా. కానీ అదే హేచరీ సీడు, అదే మేత, అదే రోజు వేసిన పక్క చెరువు నిలబడి మన చెరువు పోయిందంటే, తేడా ఎక్కువసార్లు నీళ్ళలోనే దొరుకుతుంది. నీళ్ళలోని కాలుష్యం రొయ్యని నేరుగా చంపడం తక్కువ. అది రొయ్య ఒంట్లో బలం తీసేస్తుంది. అప్పటిదాకా చెరువులో ఊరికే పడి ఉన్న విబ్రియోనో, తెల్లమచ్చ వైరసో ఆ తర్వాత పని మొదలుపెడుతుంది. మనం ఆ చివరి పేరు ఒక్కటే రాసుకుని మందుల షాపుకి వెళ్తాం.

అటు ఒడిశాలో సోనాపూర్, గోపాలపూర్, ఛత్రపూర్, గంజాం వైపు చెరువులు చేసేవాళ్ళకి, ఇటు ఆంధ్రలో ఇచ్ఛాపురం, డొంకూరు వైపు వాళ్ళకి ఈ విషయం మరీ ముఖ్యం. బహుదా ఏరు గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం మీదుగా ఆంధ్రలో కొంత నడిచి, మళ్ళీ ఒడిశాలో సోనాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో వరి మళ్ళు, జీడి తోటలు, ఊళ్ళ మురుగు కాలవలు, ఉప్పు మళ్ళు, చివర్లో మన చెరువులు. పైన ఏ గెడ్డలో స్ప్రేయర్ ట్యాంకు కడిగినా కింద మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర మోటారు వేసేవాడి చెరువుకి ఆ నీళ్ళే గతి.

పురుగుమందుల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మనం దీన్నే తక్కువగా అనుమానిస్తాం. రొయ్యకీ పురుగుకీ చుట్టరికం ఉంది. రెండింటికీ కీళ్ళ కాళ్ళు, పైన కైటిన్ పెంకు, దాదాపు ఒకే రకం నరాల ఏర్పాటు. సుడిదోమని చంపే మందుకి రొయ్య వేరని తెలీదు. క్లోరోపైరిఫాస్ లాంటివి నరాల దగ్గర పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైముని కట్టేస్తాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ నరాల్లోని సోడియం ద్వారాలని మూసుకోనివ్వవు. బుప్రోఫెజిన్ అయితే కైటిన్ తయారీనే ఆపుతుంది, కుబుసం విడిచాక కొత్త పెంకు గట్టిపడాల్సిన జీవికి అదెంత నష్టమో చెప్పక్కర్లేదు.

లెక్క వేసి చూద్దాం. ఎకరం చెరువు, నాలుగడుగుల లోతు, అంటే 1.2 మీటర్లు. నీళ్ళు సుమారు 48.5 లక్షల లీటర్లు. అందులో ఒక పీపీబీ, అంటే వంద కోట్లలో ఒక వంతు, రావడానికి 5 గ్రాముల అసలు మందు చాలు. 10 శాతం సైపర్‌మెత్రిన్ 50 మి.లీ. సీసాలో ఉండేది సరిగ్గా ఆ 5 గ్రాములే. సైపర్‌మెత్రిన్‌కి ఒక్క పీపీబీ లోపలే చచ్చిపోయే రొయ్య జాతులున్నాయి. 20 ఈసీ (20 శాతం) క్లోరోపైరిఫాస్ పావు లీటరు డబ్బాలో 50 గ్రాములుంటుంది, ఎకరం చెరువుకి అది 10 పీపీబీ. కాలవ గట్టున స్ప్రేయర్ కడిగి పారబోసిన నీళ్ళు ఎంత చెడ్డవో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇది మన దగ్గర రెండు కాలాల్లో ముంచుకొస్తుంది. ఖరీఫ్ వరికి సుడిదోమ, కాండం తొలుచు పురుగు మందులు కొట్టేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. సరిగ్గా అప్పుడే వానలు, తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి వానలకి పొలం నీరంతా ఒక్కసారి గెడ్డల్లోకి, అక్కడినుంచి ఏరులోకి దిగుతుంది. రెండోది జనవరి నుంచి మార్చి దాకా, జీడిమామిడి పూతకి టీ దోమ మందులు కొట్టే కాలం. వేసవి పంటకి చెరువులు నింపి సీడు వేసేది కూడా అప్పుడే. సీడ్ వేసిన మొదటి పదిహేను రోజులు పిల్లకి మందు తట్టుకునే శక్తి అస్సలుండదు. తోట పక్క చెరువైతే గాలివాటున తుంపర కూడా నేరుగా పడుతుంది. తోట రైతుతో ముందే మాట్లాడి, కొట్టే రోజు, గాలి దిక్కు తెలుసుకోవడం ఏ మందుకన్నా పనికొస్తుంది.

మందు తగిలిన రొయ్యని గుర్తుపట్టడం కష్టం కాదు, చూసే ఓపిక ఉండాలి. ఆక్సిజన్ తగ్గితే రొయ్య పైకి వచ్చి అంచుల వెంట తిరుగుతుంది, తెల్లవారుజామున ఎక్కువ కనిపిస్తుంది, ఏరియేటర్లు పెంచితే తేరుకుంటుంది. మందు తగిలితే వేళాపాళా ఉండదు. పక్కకి ఒరిగి ఈదుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, ముట్టుకోకపోయినా తోక కొట్టుకుంటుంది, కాళ్ళు వణుకుతాయి, తర్వాత అడుగున వెల్లకిలా పడి కాళ్ళు మాత్రం ఆడిస్తూ ఉంటుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరులో 5 చూపిస్తున్నా ఇలా ఉంటే ఆక్సిజన్ మీద అనుమానం వదిలేయండి. ఇంకొక గుర్తు: చెరువులో జూప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్న జీవులు), చిన్న పీతలు, నీటి పురుగులు కూడా ఒకేసారి మాయమవుతాయి. చేపలు మాత్రం చాలాసార్లు బానే తిరుగుతుంటాయి.

ఇక్కడ చాలామంది చేసే ఒక పొరపాటు చెప్పి తీరాలి. నీళ్ళు అనుమానంగా ఉన్నాయి కదా అని రిజర్వాయర్‌లో, అంటే చెరువుకి ఇచ్చే ముందు నీళ్ళు నిలవ ఉంచే గుంటలో, బ్లీచింగ్ దంచి కొడతారు. బ్లీచింగ్ వైరస్ మోసే పీతల్ని, బయటి రొయ్య పిల్లల్ని, బ్యాక్టీరియాని చంపుతుంది, సరే. పురుగుమందుకి అది విరుగుడు కాదు. పైగా క్లోరిన్ తగిలిన క్లోరోపైరిఫాస్ దాని ఆక్సాన్ రూపంలోకి మారుతుంది, అసలు మందు కన్నా నరాల మీద ఎక్కువ పనిచేసేది ఆ ఆక్సానే. మందు నీళ్ళకి ఉన్న దారి రెండే: లోపలికి రానివ్వకపోవడం, వచ్చిందాన్ని ఎండలో, గాలిలో ఎక్కువ రోజులు నిలవ ఉంచడం. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లు నీళ్ళలోంచి త్వరగానే పోతాయి కానీ బురదకి అతుక్కుంటాయి, అందుకే రిజర్వాయర్ అడుగు బురద కదిలేలా మోటారు ఫుట్‌వాల్వు నేలకి ఆనించి పెట్టకూడదు.

నీళ్ళు తీసుకునే వేళ గురించి. పోటు ఎక్కడం మొదలవగానే మోటారు వేసేస్తాం, కరెంటు ఉందనో, డీజిల్ కలిసొస్తుందనో. పోటు మొదట్లో ఏరులోకి తిరిగొచ్చేది సముద్రపు నీరు కాదు, పాటులో (సముద్రం వెనక్కి తగ్గే వేళ) కిందికి దిగిన మురుగే వెనక్కి వస్తుంది. పోటు మూడొంతుల్లో చివరి వంతు నీళ్ళు తీసుకోండి, నిండు పోటుకి ముందు ఒకటిన్నర రెండు గంటలు. రిఫ్రాక్టోమీటరుతో పోటు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సెలినిటీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో) చూస్తే తేడా మీకే తెలుస్తుంది. పెద్ద వాన పడ్డాక ఎరుపు నీరు వచ్చినంత కాలం తూము ఎత్తొద్దు. నీళ్ళు తేరాక కూడా మూడు నాలుగు పోట్లు వదిలేయడం మంచిది.

ఇందులో ఒక చిక్కుంది. మంచి నీళ్ళు దొరికే పెద్ద పోట్లు అమావాస్యకి, పున్నమికి వస్తాయి. చెరువులో రొయ్యలు ఎక్కువగా కుబుసం విడిచేది కూడా ఆ రోజుల్లోనే. కుబుసం విడిచిన రొయ్య ఒళ్ళు పెంచుకోవడానికి నీళ్ళని లోపలికి లాక్కుంటుంది, ఆ నీళ్ళలో ఏముంటే అదీ లోపలికి పోతుంది. పెంకు మెత్తగా ఉన్న ఆ కొన్ని గంటలూ అమ్మోనియా అయినా, రాగి అయినా, మందు అయినా మామూలుకన్నా ఎక్కువ దెబ్బ తీస్తుంది. అందుకే పెద్ద పోటు నీళ్ళని నేరుగా చెరువులోకి వదలకుండా రిజర్వాయర్‌లో నింపుకోవాలి, వారం రోజులు ఉంచి, చెక్ ట్రేలో (మేత, రొయ్య చూసుకోవడానికి చెరువులో దించే పళ్ళెం) మెత్త రొయ్యలు కనబడడం తగ్గాక చెరువులోకి ఇవ్వాలి. రిజర్వాయర్‌కి మొత్తం విస్తీర్ణంలో నాలుగో వంతు పోతే పంట తగ్గిపోయిందని బాధపడతారు. ఆ నాలుగో వంతే మిగతా మూడు వంతుల్నీ కాపాడుతుంది.

రిజర్వాయర్ నీళ్ళు వాడేముందు చేసే బకెట్ పరీక్షకి ఖర్చు లేదు. ఇరవై లీటర్ల తెల్ల టబ్బులు రెండు తీసుకోండి. సబ్బు నీళ్ళతో కడిగినవి, పురుగుమందు కలిపినవి వద్దు. ఒకదాంట్లో కొత్త రిజర్వాయర్ నీళ్ళు, రెండోదాంట్లో ఇప్పటికే రొయ్య బాగున్న చెరువు నీళ్ళు, రెండూ సన్న గుడ్డలో వడకట్టి పోయండి. సెలినిటీ తేడా 2, 3 పీపీటీ (వెయ్యిలో వంతులు) దాటకూడదు. రెండూ ఒకే నీడలో ఉండాలి, రెండింటికీ ఒకే రకం గాలి రాయి పెట్టాలి. ఒక్కోదాంట్లో ఇరవై పోస్ట్ లార్వాలు (హేచరీ నుంచి వచ్చే చిన్న పిల్లలు) వేయండి, మేత వేయొద్దు. గంటకి, నాలుగు గంటలకి, పన్నెండు గంటలకి, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది గంటలకి చూడండి. లెక్కపెట్టడంతో సరిపెట్టకుండా, వేలితో నీళ్ళు ఒకసారి గుండ్రంగా తిప్పి ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల సుడికి ఎదురీది అంచుకి చేరుతుంది. తేడా ఉన్న పిల్ల సుడితో పాటు కొట్టుకుపోయి మధ్యలో కుప్పపడుతుంది. చావు లేకపోయినా ఈ ఎదురీత పోయిందంటే ఆ నీళ్ళు ఇంకో నాలుగైదు రోజులు ఆపి మళ్ళీ పరీక్షించాలి. రెండు టబ్బుల్లోనూ చచ్చిపోతే లోపం పిల్లల్లో ఉంది, పరీక్ష లెక్కలోకి రాదు. బ్లీచింగ్ చేసిన నీళ్ళైతే క్లోరిన్ పూర్తిగా పోయాకే ఈ పరీక్ష. తొందరుంటే క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేయాలి, ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) క్లోరిన్‌కి సుమారు ఏడు పీపీఎం.

బయటి కాలుష్యం గురించి ఇంత చెప్పాక, మన చేత్తో మనం వేసే కాలుష్యం గురించి చెప్పకపోతే న్యాయం కాదు. అది మేత. 35 శాతం ప్రొటీన్ మేతలో రొయ్య ఒంట పట్టేది నైట్రోజన్‌లో మూడో వంతు కూడా ఉండదు. కిలో మేతకి సుమారు 30 గ్రాముల నైట్రోజన్ అమ్మోనియాగా నీళ్ళలో చేరుతుంది. రోజుకి 60 కిలోల మేత వేస్తున్న ఎకరం చెరువులో 1.8 కిలోలు, అంటే రోజుకి లీటరుకి 0.37 మి.గ్రా. ప్లాంక్టన్, బ్యాక్టీరియా దాన్ని తింటున్నంత కాలం ఏమీ కాదు. నాలుగు రోజులు మబ్బు పట్టి ప్లాంక్టన్ చచ్చిపోయి నీళ్ళ రంగు విరిగిందంటే అదంతా మిగిలిపోతుంది.

నీళ్ళ పరీక్ష కిట్టు చూపించేది మొత్తం అమ్మోనియా. రొయ్యని కాల్చేది అందులో ఒక భాగం, అయాన్‌గా మారని అమ్మోనియా. అది పీహెచ్‌ని బట్టి మారుతుంది. మొత్తం అమ్మోనియా లీటరుకి 2 మి.గ్రా. ఉన్న చెరువులో నీళ్ళ వేడి 30 డిగ్రీలు అనుకోండి. పొద్దున పీహెచ్ 7.8 ఉంటే అందులో విషపు వాటా నాలుగున్నర శాతం, అంటే 0.09 మి.గ్రా. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ 8.8కి ఎక్కితే అదే నీళ్ళలో 32 శాతం, 0.64 మి.గ్రా. ఏడు రెట్లు. 0.1 దాటనివ్వకూడదు అన్నది లెక్క. పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్‌కి సీసా పంపి "అమ్మోనియా నార్మల్" అని చీటీ తెచ్చుకుంటే రొయ్యకి మధ్యాహ్నం జరిగేది అందులో కనబడదు. పీహెచ్ పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, అమ్మోనియా మూడింటికి, డీఓ తెల్లవారుజామున నాలుగు, అయిదు మధ్య. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పీహెచ్ తేడా 0.5 దాటుతోందంటే ఆల్కలినిటీ (పీహెచ్ ఊగిపోకుండా పట్టి ఉంచే నీళ్ళ గుణం) చూడండి, 100 పీపీఎం కన్నా తక్కువుంటే సోడా బైకార్బొనేట్ పట్టాలి. ఎకరానికి ఆల్కలినిటీ 10 పీపీఎం పెరగడానికి 80 కిలోలకి పైనే పడుతుంది, అయిదు కిలోలు చల్లి ఊరుకుంటే ఏమీ మారదు.

అమ్మోనియా మొప్పల రేకుల్ని వాచేలా చేస్తుంది, ఒంట్లో ఉప్పు నీళ్ళ సమతూకాన్ని చెడగొడుతుంది. రక్తంలో రోగాలతో పోరాడే కణాల సంఖ్య పడిపోతుంది. అక్కడే విబ్రియోకి సందు దొరుకుతుంది. అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ దారి వేరు. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న హీమోసయనిన్, నైట్రైట్ దాని పని చెడగొడుతుంది. నైట్రైట్ మొప్పల్లోకి దూరేది క్లోరైడ్ వెళ్ళే దారినే కాబట్టి ఉప్పు ఎక్కువున్న నీళ్ళలో దానికి చోటు తక్కువ. వనామి రొయ్య మీద జరిగిన ప్రయోగాల్లో నైట్రైట్ భద్రమైన హద్దు 35 పీపీటీ దగ్గర 25.7 మి.గ్రా. వస్తే 15 పీపీటీ దగ్గర 6.1కి పడిపోయింది. వానాకాలం 3, 4 పీపీటీకి దిగిన చెరువులో ఒక్క మి.గ్రా. కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

అమ్మోనియా పెరిగినప్పుడు మొదట చేయాల్సింది మేత సగానికి కోయడం. ఇది చెప్తే ఎవరికీ నచ్చదు, రొయ్య బరువు పెరగదని భయం. రెండోది ఏరియేటర్లన్నీ వేయడం, మూడోది నిలవ ఉంచిన నీళ్ళు పది శాతం మార్చడం. జియోలైట్ మీద డబ్బు పోయొద్దు. మంచినీటి చెరువులో అది అమ్మోనియాని పట్టుకుంటుంది, ఉప్పునీళ్ళలో సోడియం ఆ చోట్లన్నీ ముందే ఆక్రమించుకుంటుంది. ఇంకోటి, మధ్యాహ్నం వేళ సున్నం చల్లడం అంటే పీహెచ్ ఇంకా ఎత్తి విషపు వాటాని మన చేత్తో పెంచడమే.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది దీనికి తలకిందుల లెక్క, పీహెచ్ తగ్గితే విషం పెరుగుతుంది. పెద్ద వాన తర్వాత పైన మంచినీరు, కింద ఉప్పునీరు పొరలుగా నిలిచిపోతే అడుగుకి గాలి అందదు, నల్ల బురద నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన లేస్తుంది. లీటరుకి మిల్లీగ్రాములో వందో వంతు కూడా రొయ్యకి ఎక్కువే. అలాంటప్పుడు గొలుసు లాగి బురద కదిలించడం లాంటి పని చేయొద్దు. పై మంచినీటిని తూము పై చెక్క తీసి బయటికి వదిలి, ఏరియేటర్లు ఆపకుండా నడపాలి.

లోహాల విషయానికొస్తే, గంజాం దగ్గర సముద్రంలో కలిసే ఋషికుల్య నది మొగ దగ్గర మట్టిలో, చేపల్లో పాదరసం మీద పరిశోధకులు చాలా ఏళ్ళు పనిచేశారు, అక్కడ పాత పద్ధతి కాస్టిక్ సోడా తయారీలో పాదరసం వాడేవారు కాబట్టి. పాదరసం, కాడ్మియం లాంటివి రొయ్య తలలోని హెపటోలో (మన కాలేయం లాంటి అవయవం) పేరుకుంటాయి. కానీ మన చెరువుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి మనమే వేసే రాగి, బోరు నుంచి వచ్చే ఇనుము. నాచుకి, నత్తలకి కాపర్ సల్ఫేట్ వేసేవాళ్ళు ఆల్కలినిటీని వందతో భాగించి వచ్చినంత పీపీఎం దాటకూడదు, ఆల్కలినిటీ 50 లోపుంటే అసలు వేయకూడదు. రొయ్య ఉండగా వేయకపోవడమే నా మాట. బోరు నీళ్ళు తోడగానే తేటగా ఉండి గంటకి తుప్పు రంగు తిరిగాయంటే ఆ ఇనుము మొప్పల మీద కూడా అలాగే పేరుకుంటుంది. బోరు నీళ్ళని మెట్ల మీదుగా పడేలా చేసి, రెండు మూడు రోజులు ఒక గుంటలో తేరనిచ్చి వాడాలి.

చెక్ ట్రే ఎత్తినప్పుడు మేత మిగిలిందా అన్నదొక్కటే చూసి దించేయొద్దు. ఒక రొయ్యని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. బుగ్గ పెంకు కింద మొప్పలు మసక తెలుపులో, శుభ్రంగా ఉండాలి. గోధుమ, తుప్పు రంగు ఉంటే ఇనుము, బురద. నలుపు ఉంటే అడుగు పాడైంది, లేదా మొప్పలు దెబ్బతిని నల్లబడ్డాయి. ఆ రొయ్యని శుభ్రమైన నీళ్ళలో అయిదు నిమిషాలు ఆడించి మళ్ళీ చూడండి, నలుపు కడుక్కుపోతే అది పైన పేరుకున్న మురికి, పోకపోతే కణజాలమే పోయింది. తలలో హెపటో ముదురు గోధుమ రంగులో, అంచు తెలిసేలా ఉండాలి. పాలిపోయి, కుంచించుకుపోయి, నొక్కితే నీళ్ళలా ఉంటే కొన్నాళ్ళుగా ఏదో లోపలికి పోతోందని అర్థం, వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) రావడానికి ఎంతో దూరం లేదు. ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ వైపు చూడొద్దు. విషం నీళ్ళలో ఉంటే ఆ మందు చేసేదేమీ లేదు. సరుకులో దాని అవశేషం దొరికితే కొనేవాడూ ఉండడు.

మందు అనుమానంతో నీళ్ళు ల్యాబ్‌కి పంపాలంటే ప్లాస్టిక్ బాటిల్ పనికిరాదు, పైరిథ్రాయిడ్లు ప్లాస్టిక్ గోడకి అతుక్కుపోతాయి. ముదురు రంగు గాజు సీసా, నిండుగా, గాలి బుడగ లేకుండా మూత పెట్టి, ఐసులో పెట్టి అదే రోజు పంపాలి. చావు మొదలైన గంటల్లోనే తీసిన నీళ్ళకే విలువ. రెండు రోజులు నీళ్ళు మార్చేసి, సున్నం చల్లేసి ఆ తర్వాత పంపితే ఏమీ దొరకదు.

ఇక మన తూము నుంచి బయటికి పోయే నీళ్ళు. పట్టుబడికి చెరువు ఖాళీ చేసేటప్పుడు మొదటి మూడు వంతుల నీరు అంత చెడ్డది కాదు. బురద, కుళ్ళు, అమ్మోనియా ఎక్కువ ఉండేది చివరి అయిదో వంతులో. ఆ చివరి నీళ్ళని ఏరులోకి వదలకుండా పక్క గుంటలోకి మళ్ళించి రెండు మూడు రోజులు తేరనివ్వాలి. తెల్లమచ్చ వచ్చిన చెరువైతే తూము మూసేసి 60 పీపీఎం బ్లీచింగ్, నిండు ఎకరం నీళ్ళకి దాదాపు 290 కిలోలు, వేసి కనీసం వారం ఉంచాలి. వదిలేది పాటు మొదలయ్యాక, పోటులో వద్దు. వదిలే ముందు రోజు ఏరుకి ఎగువా దిగువా మోటార్లున్నవాళ్ళకి ఫోన్ చేసి ఏ చెరువు, ఎన్నింటికి, ఎన్ని గంటల పాటు అన్నది చెప్పండి. ఒడ్డు అవతల ఒడియా రైతు ఉన్నా, ఇవతల మనవాడున్నా.